పంజరంలో చిలుక, తొట్టిలో చేప

ఏటా ముక్కోటి ఏకాదశికి ముందు భద్రాచలంలో అధ్యయనోత్సవాలు జరుగుతాయి. పగల్‌పత్తు అనే పది రోజుల పగటి ఉత్సవం మొదలైన రోజున స్వామి మత్స్యావతారంలో దర్శనమిస్తాడు. మరునాడు కూర్మం, ఆ పైన వరాహం, ఇలా రోజుకొక అవతారం. ఏకాదశి ముందురోజు సాయంత్రం గోదావరిలో హంసవాహనం మీద తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. పది అవతారాల్లో తొలి పూజ చేపకే దక్కుతుంది.

ఆ చేప కథలో జనానికి ఎక్కువగా గుర్తుండేది రెండో సగం. ప్రళయం, నావ, సప్తర్షులు, వాసుకిని తాడుగా చేసి నావను చేప కొమ్ముకు కట్టడం. మొదటి సగం మాత్రం అచ్చంగా ఒక చేపను పెంచిన కథ. భాగవతం అష్టమ స్కంధంలో ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే ఒక చేపపిల్ల దోసిట్లోకి వస్తుంది. తిరిగి నీళ్లలో వదలబోతాడు. వదలొద్దు, పెద్ద చేపలు మింగేస్తాయి, కాపాడమని అది వేడుకుంటుంది. రాజు కమండలంలో వేసుకుని వెంట తెస్తాడు. తెల్లారేసరికి కమండలం చాలదు. ఇంకా పెద్ద పాత్రలో వేస్తే అదీ చాలదు. కొలను చాలదు, మడుగు చాలదు. ప్రతిసారీ చేప అడిగేది ఒక్కటే, ఈ చోటు ఇరుకుగా ఉందని. ఇంతకన్నా నా దగ్గర లేదని రాజు ఒక్కసారి కూడా అనడు. శతపథ బ్రాహ్మణంలో మనువు పేరిట ఉన్న ఇంకా పాత కథలోనూ ఇదే వరస: కుండ, గొయ్యి, ఆఖరికి సముద్రం.

ఒక ప్రాణిని మన గిన్నెలోకి తెచ్చుకున్నాక దాని పట్ల మన ధర్మం ఎక్కడిదాకా? వేళకు తిండి వేస్తే సరిపోతుందా? చేప అడిగినంత చోటు, అడిగినన్నాళ్లు ఇవ్వాలా? ఈ ప్రశ్న పురాణాల్లో మిగిలిపోయినది కాదు. పగడపు దిబ్బల్లో పుట్టిన చేప విమానంలో, ప్లాస్టిక్ సంచిలో ప్రయాణం చేసి, సముద్రం కనుచూపు మేరలో లేని ఊళ్లకు కూడా చేరుతున్న కాలం ఇది. అలా వచ్చే చేపల్లో ఒకటి టాంగ్. సర్జన్ ఫిష్ అని కూడా అంటారు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’, 2016లో వచ్చిన ‘ఫైండింగ్ డోరీ’ సినిమాల్లోని డోరీ ఈ జాతిదే. పసుపు రంగులో మెరిసిపోయే ఎల్లో టాంగ్ దాని దగ్గరి చుట్టం. అది నాచు తిని బతికే చేప.

దాని సంగతిలోకి వెళ్లే ముందు ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో కాసేపు ఆగాలి. భద్రాచల రామదాసుగా లోకం కొలిచే కంచర్ల గోపన్న పుట్టిన ఊరు అది. గోల్కొండ నవాబు తానీషా కాలంలో, అక్కన్న మాదన్నలు మంత్రులుగా ఉన్నప్పుడు, ఆయన పాల్వంచ పరగణాకు తహశీల్దారు అయ్యాడు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడు. ఆ నేరానికి గోల్కొండ చెరలో పడ్డాడు. కోటకు వెళ్లినవాళ్లు ఇవాళ్టికీ రామదాసు బందీఖానాను, ఆ గోడల మీద చెక్కిన దేవతామూర్తులను చూసి వస్తారు.

అంతటి భక్తుడికి పన్నెండేళ్ల చెర ఎందుకు పట్టింది? హరికథల్లో, ఇళ్లల్లో పెద్దలు చెప్పే కథల్లో దీనికి ఒక జవాబు ఉంది. పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట. ఆ కర్మ అనుభవించక తప్పలేదట. ఈ కథకు చరిత్ర ఆధారాలు వెతకడం అనవసరం. జనం దీన్ని ఎందుకు నిలుపుకున్నారో చూడాలి. చిలుకను ఎవరూ కోపంతో పంజరంలో పెట్టరు. ముద్దుగా పెంచుకుంటారు, జామపండు పెడతారు, రామనామం నేర్పుతారు. కథలో చిలుక ఆకలితో మాడిందన్న మాట వినిపించదు. అయినా లెక్క తప్పలేదు. పెట్టిన పండ్లు ఒక్క రోజును కూడా తగ్గించలేదు.

ఇంకో వివరం ఇంతకన్నా లోతైనది. రామలక్ష్మణులు సేవకుల వేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషా ముందు పోశారని ఐతిహ్యం. ఖజానా బాకీ ఆ విధంగా ఒక్క రాత్రిలో తీరిపోయింది. చిలుక బాకీ మాత్రం డబ్బుతో తీరలేదు. దేవుడే దిగివచ్చినా పన్నెండేళ్లు గడిచాకే వచ్చాడు. ఒక ప్రాణి కాలాన్ని తీసుకుంటే తిరిగి కట్టవలసింది కాలమేనని ఈ ప్రాంతపు జనం నమ్మారు. టాంగ్ పెంపకం గురించి ఆలోచించడానికి ఇంతకన్నా గట్టి మొదలు దొరకదు.

ఎందుకంటే ఎల్లో టాంగ్ ఆయుష్షు చిన్నది కాదు. హవాయి సముద్రంలో అది నలభై ఏళ్లు దాటి బతుకుతుందని పరిశోధకులు తేల్చారు. ముప్ఫై ఏళ్ల మనిషి ఇవాళ పిల్ల టాంగ్‌ను తెచ్చి దాని నిండు ఆయుష్షు చెల్లేదాకా పోషించాలంటే డెబ్భై ఏళ్ల వయసు వచ్చేదాకా రోజూ దానికి తిండి పెట్టాలి. అంతకాలం తొట్టిలో బతికించేవారు అరుదు. చేప చచ్చిపోతే ఇంకొకటి తెస్తారు. అక్కడితో లెక్క మూసుకుపోయిందనుకుంటారు.

టాంగ్ ఎలా తింటుందో చూస్తే దాని అవసరం ఎంతో తెలుస్తుంది. పగడపు దిబ్బ మీద పొద్దున వెలుగు పడ్డప్పటి నుంచి చీకటి పడేదాకా అది నాచు గీరుతూనే ఉంటుంది. చిన్న నోరు, సన్నటి పళ్లు. ఒక్కో కొరుకుకు దొరికేది చాలా కొంచెం. నాచులో సత్తువ తక్కువ, అందులోనూ అరగడం కష్టం. అందుకే మాంసం తినే చేపలతో పోలిస్తే పేగు చాలా పొడుగు. రోజంతా తింటేనే ఒంటికి పట్టేది. అడవి అంచు ఊళ్లలో మేకల కాపరికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మేకను రోజంతా కట్టేసి సాయంత్రం ఒక్క మోపు ఆకు పడేస్తే అది ఎలా నీరసిస్తుందో, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ఒక్కసారి తిండి వేసే ఇంట్లో టాంగ్ కూడా అలాగే చిక్కిపోతుంది. పొట్ట లోపలికి పోతుంది. వీపు సన్నబడి తల పెద్దదిగా కనబడుతుంది. రంగు మాత్రం చాలాకాలం పచ్చగానే ఉంటుంది కాబట్టి ఇంటివాళ్లు గమనించరు.

దాని కడుపులో ఇంకో లోకం ఉంది. 1985లో ఎర్రసముద్రపు గోధుమరంగు సర్జన్ చేపల పేగుల్లో పరిశోధకులు ఒక వింత సూక్ష్మజీవిని చూశారు. సూక్ష్మజీవి అనడానికి నోరు రాదు, అర మిల్లీమీటరు పైన పొడవుతో కంటికి కనబడేంత పెద్దది. ఇంత పెద్దది బాక్టీరియా అయ్యే అవకాశమే లేదనుకున్నారు. 1993లో జన్యువులు పరీక్షించి బాక్టీరియానే అని నిర్ధారించారు. దాని పేరు ఎపులోపిసియం. నాచు తినే సర్జన్ చేపల పేగుల్లో ఈ తరహా జీవులు కాపురముండి ఆ మేత అరగడంలో పాలుపంచుకుంటాయని శాస్త్రవేత్తల అవగాహన. ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనని గీత పదిహేనో అధ్యాయంలో కృష్ణుడు చెప్పుకుంటాడు. ఆ మాటను నమ్మేవారికి టాంగ్ కడుపు కూడా ఒక హోమగుండమే. అందులో ఏది వేయాలో, ఏది వేయకూడదో తెలుసుకోవడం నిష్ఠ కిందికే వస్తుంది.

వేయవలసింది సముద్రపు నాచు. ఉప్పు, నూనె, మసాలా తగలని ఎండు నాచు రేకులు దొరుకుతాయి; జపాన్ వాళ్లు అన్నం చుట్టుకు తినే నోరి అదే. ఒక ముక్కను క్లిప్పుకు పెట్టి తొట్టి గాజుకు లోపలి వైపు తగిలిస్తే చేప దిబ్బ మీద గీరినట్టే లాగి లాగి తింటుంది. కొన్ని గంటల తర్వాత మిగిలింది తీసేయాలి, లేకపోతే కుళ్లి నీటిని చెడగొడుతుంది. గ్రాసిలేరియా, ఉల్వా వంటి పచ్చి నాచు దొరికితే మరీ మంచిది. విశాఖ తీరపు బండల మీద ఉల్వా పచ్చటి ఆకులా పరుచుకుని పెరుగుతుంది. కొందరు తొట్టి పక్కనే చిన్న అరలో దీపం పెట్టి కీటోమార్ఫా అనే నాచును పెంచుతారు. అది నీటిలోని నైట్రేట్‌ను పీల్చుకుంటుంది. రైతుబజారులో దొరికే పాలకూర, తోటకూర, లెట్యూస్ వేస్తే టాంగ్ తింటుంది కానీ, సముద్రపు నాచులోని అయోడిన్, కొవ్వు ఆమ్లాలు వాటిలో ఉండవు. రక్తపు పురుగులు, మాంసపు ముద్దలే రోజూ వేస్తే ఆబగా తిని జబ్బుపడుతుంది. తిండిలో లోపం ఎక్కువకాలం ఉంటే ముఖం మీద, ఒంటి పక్క గీత వెంబడి చర్మం గుంటలు పడి ఊడుతుంది. నీటిని వడకట్టడానికి వేసే యాక్టివేటెడ్ కార్బన్ పొడి కూడా ఇదే జబ్బుకు కారణమవుతుందని 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తేలింది.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం ఎదురవుతుంది. మన నైవేద్యాలన్నీ మనం తినేదే దేవుడికి పెట్టే పద్ధతి మీద నడుస్తాయి. వాల్మీకి అయోధ్యాకాండలో తండ్రి మరణవార్త విన్న రాముడు మందాకిని ఒడ్డున ఇంగుదీ పిండిలో రేగుపండ్లు కలిపి పిండం పెడతాడు. అడవిలో తాము తింటున్నది అదే, పితృదేవతలకూ అదే అంటాడు. భద్రాచలానికి దగ్గర్లోని పర్ణశాలలో రాముడు కాపురమున్నాడని నమ్మే ఈ ప్రాంతంలో శబరి ఎంగిలిపండ్ల కథ పిల్లలకు కూడా తెలుసు. శబరి పేరున్న నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పెట్టేవాడి ప్రేమే ప్రధానం, వస్తువు కాదు అన్నది ఆ కథల సారం. దేవుడు దేన్నైనా స్వీకరించగలడు కాబట్టి ఆ పద్ధతి దేవుడి దగ్గర చెల్లుతుంది. చేప దగ్గర చెల్లదు. మనకు ఇష్టమైన బిస్కెట్టు, బొరుగులు, అన్నం మెతుకులు దాని పేగుకు అక్కరకు రావు. దేవుడి ముందు భక్తుడి మనసు చూస్తారు. చేప ముందు భక్తుడు చేప కడుపును చూడాలి.

గుడి కోనేళ్లలో చేపలకు బొరుగులు, బ్రెడ్డు ముక్కలు చల్లడం చాలా ఊళ్లలో పుణ్యకార్యంగానే సాగుతోంది. దీని వేరు గొప్పది. గృహస్థు రోజూ చేయవలసిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. ప్రాణులకు అన్నభాగం తీసిపెట్టిన తర్వాతే తను తినాలి. కానీ ఆ యజ్ఞం స్వేచ్ఛగా తిరిగే కాకికి, కుక్కకు, చీమకు. తినడం తినకపోవడం వాటి ఇష్టం. నిలవ నీటిలో పిండిపదార్థం పోగుపడితే కుళ్లి, ప్రాణవాయువు తగ్గి, ఆ చేపలే నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఇచ్చిన చెయ్యి శుద్ధమైనదే, వచ్చిన ఫలం మాత్రం ఊపిరాడకపోవడం.

టాంగ్ శాకాహారి అని వినగానే కొందరికి దాని మీద ప్రత్యేక గౌరవం కలుగుతుంది. చేపల్లో సాధువు దొరికిందనుకుంటారు. అది నిజం కాదు. తోక మొదట్లో రెండు పక్కలా దానికి కత్తిలాంటి పదునైన ముల్లు ఉంటుంది. సర్జన్ అన్న పేరు వచ్చింది దానివల్లే. తన ఆకారంలో ఉన్న ఇంకో చేప తొట్టిలోకి వస్తే తరిమి తరిమి ఆ ముల్లుతో చీరేస్తుంది. పులి మాంసం తిని పాపం మూటకట్టుకోదు, టాంగ్ నాచు తిని పుణ్యం సంపాదించదు. మన శాస్త్రాల్లో పశుపక్ష్యాదులవి భోగజన్మలు. కర్మ చేసి దాని ఫలాన్ని మోసేది మనిషి ఒక్కడే. అంటే తొట్టిలో జరిగే ప్రతి మంచికీ చెడుకూ జవాబుదారు గాజుకు ఇవతల నిలబడ్డవాడే.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఊళ్లలో ఆ జవాబుదారీ ఎంత బరువో లెక్క వేయవచ్చు. ఎల్లో టాంగ్ ఒక్కదానికే నాలుగడుగుల పొడవు, 350 నుంచి 400 లీటర్ల తొట్టి కనీస అవసరం. లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్ర లవణాల మిశ్రమం కలపాలి. 400 లీటర్లకు 14 కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వంటివి అందులో ఉండవు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పనికిరావు, ఆర్‌ఓ నీళ్లు కావాలి. కొత్త తొట్టిలో అమ్మోనియాను మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా చేపను వేయకూడదు. టాంగ్‌కు తెల్లమచ్చల జబ్బు తొందరగా సోకుతుంది కాబట్టి వచ్చిన చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచాలి.

వీటన్నిటికీ మించింది ఎండ. వేసవిలో కొత్తగూడెం, భద్రాచలం చుట్టుపక్కల 45 డిగ్రీలు దాటడం చూస్తున్నదే. టాంగ్‌కు కావలసింది 24 నుంచి 27 డిగ్రీల నీరు. నీటిని చల్లార్చే చిల్లర్ రాత్రింబగళ్లు నడవాలి, కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి. ఆ కరెంటు ఎక్కడిదని అడిగితే ఈ ప్రాంతంలో చూపుడువేలు పాల్వంచ వైపే వెళుతుంది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్లతో అక్కడి థర్మల్ కేంద్రం నడుస్తుంది. బొగ్గు పొగ గాలిలో చేరి సముద్రాలను వేడెక్కిస్తున్న సంగతి తెలిసిందే. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని, ఇది నాలుగోసారి అని శాస్త్ర సంస్థలు ప్రకటించాయి. అదే వేసవిలో మన లక్షద్వీప్ పగడాలు కూడా తెల్లబడ్డాయి. ఒక చేపకు చల్లటి తొట్టి నిలపడానికి దాని పుట్టింటిని వేడి చేస్తున్నాం. ఒక్క తొట్టి వల్ల సముద్రం వేడెక్కదన్నది నిజమే. కానీ ధర్మం విషయంలో నా వాటా చిన్నదనే మాటకు పెద్ద విలువ లేదు.

ఆ పుట్టింట్లో టాంగ్ ఊరికే లేదు. నాచును అది ఎప్పటికప్పుడు గీరి తినకపోతే నాచు పగడాలను కమ్మేస్తుంది. 1983-84లో కరీబియన్ సముద్రంలో నాచు తినే ముళ్ల జీవులు, డయడెమా అర్చిన్లు, జబ్బు సోకి మూకుమ్మడిగా చచ్చిపోయాయి. నాచు తినే చేపలు అప్పటికే వేటకు తగ్గిపోయి ఉండటంతో జమైకా చుట్టూ పగడపు దిబ్బలు నాచు మయమయ్యాయి. హవాయిలో ఎల్లో టాంగ్‌లు పచ్చ తాబేళ్ల వీపు మీది నాచును కూడా గీరి శుభ్రం చేస్తాయి. తాబేళ్లు అందుకోసమే వచ్చి నిలబడతాయి. ఈ పనిని గీత భాషలో స్వధర్మం అనవచ్చు. గాజు తొట్టిలో ఆ చేపకు తిండి మిగులుతుంది, పని పోతుంది.

పెంపకందారుల పక్షాన కూడా బలమైన వాదం ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. సముద్రంలో పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది. రాజు లేని లోకపు తీరును మన పూర్వులు మత్స్యన్యాయం అన్నారు. తొట్టిలో ఆ భయం లేదు. సత్యవ్రతుడి చేప కూడా ఆ భయంతోనే శరణు కోరింది. ఆఖరికి సముద్రంలో వదిలినప్పుడు సైతం ఇక్కడ మొసళ్లు మింగుతాయి, వదలొద్దు అంది. కాబట్టి నీటిలో వదిలేయడమే దయ అని ఆ కథ కూడా తేలిగ్గా చెప్పలేదు.

కానీ రాజు దగ్గరకు చేప తనే వచ్చింది. అడిగింది. శరణాగతి అంటే అదే. విభీషణుడు తనంతట తాను సముద్రం దాటి వచ్చి నిలబడ్డాడు కాబట్టే రాముడి అభయానికి అర్థం వచ్చింది. ఎవరినైనా పట్టి తెచ్చి బోనులో పెట్టి అభయమిచ్చానంటే ఆ మాట నిలవదు. టాంగ్ ఎవరినీ శరణు కోరలేదు. వల వేసి పట్టారు. ఫిలిప్పీన్స్ దిబ్బల్లోనైతే 1960ల నుంచి, తర్వాత ఇండోనేసియాలోనూ సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టే పద్ధతి కూడా ఉంది, ఆ విషానికి చుట్టూ ఉన్న పగడాలు చస్తాయి. గోదావరిలోకి వరదల కాలంలో పులస సముద్రం నుంచి ఎదురీది తనంతట తానే వస్తుంది. టాంగ్ అలా రాలేదు.

నేలకొండపల్లిలోనే బౌద్ధ స్తూపం ఉంది. బౌద్ధుల సువర్ణప్రభాస సూత్రంలో జలవాహనుడనే వైద్యుడి కొడుకు కథ వస్తుంది. ఎండిపోతున్న మడుగులో పది వేల చేపలు కొట్టుకుంటుంటే చూసి, చెట్ల కొమ్మలు విరిచి నీడ కల్పించాడు. రాజును అడిగి ఇరవై ఏనుగులు తెచ్చి, వాటి మీద నీళ్లు మోయించి మడుగు నింపాడు. చేపలు గట్టు వెంట తనతో పాటే ఈదుతుంటే వాటికి ఆకలిగా ఉందని గ్రహించి ఇంటి నుంచి తిండి తెప్పించి వేశాడు. ఆ పది వేలలో ఒక్కదాన్ని కూడా ఇంటికి తీసుకెళ్లలేదు. ముందు నీరు, తర్వాత అన్నం, రెండూ చేప ఉన్న చోటికే వెళ్లాయి. చేపకు చేసే మేలు గురించి ఇంతకన్నా సరైన వరస ఏ గ్రంథంలోనూ కనబడదు.

ఈ చర్చ కోర్టులకూ ఎక్కింది. హవాయి పడమటి తీరంలో అక్వేరియం వ్యాపారానికి పట్టిన చేపల్లో ఎల్లో టాంగ్‌దే పెద్ద వాటాగా ఉండేది. పర్యావరణ సమీక్ష లేకుండా పట్టే అనుమతులు ఇవ్వకూడదని 2017 సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేసు వేసినవారిలో తరతరాలుగా ఆ తీరంలో చేపలు పట్టి బతికే స్థానిక హవాయి కుటుంబాలవారు కూడా ఉన్నారు. వారికి చేపను తినడం తప్పుగా తోచలేదు, అలంకారానికి తరలించడం తప్పుగా తోచింది. భద్రాచలం చుట్టూ కోయ గూడేల్లో కొత్త పంట వచ్చినా, కొత్త కాయ కాసినా పండుగ చేసి వేల్పులకు పెట్టందే నోట పెట్టుకోరు. అడవి నుంచి తీసుకోవడం అక్కడ నిషిద్ధం కాదు, అవసరం, హద్దు, అనుమతి ఉండాలి. రెండు సముద్రాల దూరంలో ఉన్న ఆ మత్స్యకారుల మాట ఈ గూడేల పెద్దలకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో 2017లోనే కేంద్ర పర్యావరణ శాఖ అక్వేరియం దుకాణాల మీద నిబంధనలు తెచ్చి 158 జాతుల చేపల అమ్మకాన్ని ఆపాలని చూసింది. తర్వాత వెనక్కి తీసుకుంది. కాబట్టి ప్రస్తుతానికి ఈ విషయంలో చట్టం కన్నా కొనేవాడి మనస్సాక్షి మీదే భారం ఎక్కువ.

మధ్యేమార్గం ఒకటి తెరుచుకుంది. 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ ఎల్లో టాంగ్‌ను మొదటిసారి హేచరీలో పుట్టించి పెంచగలిగింది. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు డోరీ జాతి నీలం టాంగ్‌ను పుట్టించారు. కంటికి ఆనని పిల్లలకు కోపెపాడ్లనే సూక్ష్మ జలచరాల పిల్లలను మేపుతూ వారాల తరబడి కాపాడుకోవాలి, అందుకే అన్నేళ్లు పట్టింది. మన తీరంలో మండపం అనే ఊరి దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను ఇలాగే పుట్టిస్తోంది. హేచరీ చేపకు దిబ్బ తెలియదు, దాన్ని తెచ్చినందుకు సముద్రంలో ఖాళీ ఏర్పడదు. చిలుకను పట్టిన పాపం ఇక్కడ లేదు. పంజరం మాత్రం అలాగే ఉంది. కనుక నలభై ఏళ్ల బాకీ తగ్గదు.

బాకీ అన్న మాట కఠినంగా వినిపించవచ్చు. కానీ తొట్టి చేపకు తిండి వేయడాన్ని దానం అనుకున్నంత కాలం తప్పులు ఆగవు. దానం చేసేవాడు తన ఇష్టం వచ్చినప్పుడు, తనకు తోచింది, తోచినంత ఇస్తాడు. మానేస్తే అడిగేవాడు ఉండడు. బాకీ ఉన్నవాడు అవతలివాడికి రావలసిందే ఇస్తాడు, వాయిదా తప్పడు, ఇచ్చినందుకు పొగడ్త కోరడు. టాంగ్‌కు పొద్దున కట్టే నాచు రేకు అలాంటి వాయిదా.

విసుగెత్తినవారు చేపను తెచ్చి నదిలో వదిలేసి విముక్తి కలిగించామనుకోవడం ఇంకో తప్పు. ఉప్పునీటి టాంగ్ గోదావరిలో నిమిషాలో గంటలో కొట్టుకుని చచ్చిపోతుంది. మంచినీటి చేపలైతే ఇంకా ప్రమాదం. అక్వేరియం గాజు మీది నాచు తింటుందని అమ్మిన సక్కర్ చేపను జనం చెరువుల్లో, కాలువల్లో పారేశారు. గట్టి కవచం, ముళ్లు ఉన్న ఆ దక్షిణ అమెరికా చేప ఇప్పుడు తెలుగు రాష్ట్రాల నీళ్లలో పెరిగిపోయి మత్స్యకారుల వలలు చింపుతోంది. దాన్ని వాళ్లు దెయ్యం చేప అంటున్నారు.

కాబట్టి ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలో సముద్రపు చేప మీద మనసు పడ్డవారికి ఒక విన్నపం. సముద్రంలో పట్టిన టాంగ్‌ను కొనకండి. దుకాణంవారు ఇది హేచరీలో పుట్టిందని కాగితంతో చూపలేకపోతే పట్టిందేనని అనుకోండి. హేచరీదే అయినా నాలుగడుగుల తొట్టి, చిల్లర్, జనరేటర్, రోజూ నాచు పెట్టే మనిషి, మీ తర్వాత దాన్ని చూసుకునే ఇంకొకరు, ఈ ఐదూ కుదిరాకే తెచ్చుకోండి. ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు రేపటి నుంచి రాత్రి ఒక్కసారి వేసే తిండి మానేసి, పొద్దున్నే నాచు క్లిప్పు తగిలించండి. తొట్టి చిన్నదైతే హైదరాబాద్‌లోనో విశాఖలోనో పెద్ద తొట్టి నిర్వహిస్తున్నవారిని వెతికి అప్పగించండి. ఏ కారణం చేతనైనా సరే, దాన్ని కిన్నెరసానిలో, గోదావరిలో వదలకండి.